లక్షన్నర దాటిన కారు: ఎలా నడుపుకోవాలి, ఏ రిపేరుకు డబ్బు పెట్టాలి

"కారు 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. మెకానిక్ రిపేరుకు 45,000 రూపాయలు అవుతుందంటున్నాడు. చేయించమంటారా, అమ్మేయమంటారా?" పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇదే. కారు పేరు, ఊరు, అంకెలు మారుతుంటాయి గానీ ప్రశ్న మాత్రం మారదు. అయితే ఆ రెండు అంకెలు చూసి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద లక్షన్నర తిరిగిన ఇంజను, రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు నడిచి పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే డెబ్బై వేల ఇంజను కంటే మంచి స్థితిలో ఉండవచ్చు. పైగా చాలామంది రిపేరు ఖర్చును కారు అమ్మకపు ధరతో పోల్చి చూస్తారు. నిజానికి పోల్చవలసింది, ఆ ఖర్చుతో మనకు దక్కే కాలానికి వేరే కారు పెట్టుకుంటే ఎంత అవుతుందన్న లెక్కతో.

ఇంకొక్క విషయం మొదటే చెప్పాలి. షెడ్డులో ఇంజను విప్పదీసి ఉన్నప్పుడు, ఇంటికి వెళ్లడానికి బండి లేనప్పుడు తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఖరీదైనదే అవుతుంది. కారు బాగా నడుస్తున్న రోజునే కింది పరీక్షలు చేసి, ఎంతవరకు ఖర్చు పెట్టాలో ముందే రాసి పెట్టుకోండి.

కావలసినవి

కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్, ఒక నోటు పుస్తకం, దొరికినన్ని పాత బిల్లులు, టార్చిలైటు, నూలు గుడ్డ, వెడల్పైన అట్టముక్క, టైరు గాలి చూసే గేజి, చిన్న మల్టీమీటరు. 2013 తరువాత వచ్చిన కారైతే ఫోనుకు బ్లూటూత్‌తో కలిసి, కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాలను చదివి చూపే చిన్న ఓబీడీ స్కానరు కూడా కొనుక్కోండి. ఇంజను లైటు వెలిగిన ప్రతిసారీ షెడ్డుకు పరుగెత్తే అవసరం తప్పుతుంది. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్టరు ఉన్న మెకానిక్ ఒకరు కావాలి. ఆ పరికరం లేకుండా శబ్దం విని "ఇంజను పోయింది" అని తేల్చే వారి మాట మీద పెద్ద ఖర్చుకు ఒప్పుకోకండి.

1. ముందు చరిత్ర రాయండి

పాత బిల్లులు తేదీల వారీగా పేర్చి, ఏ భాగం ఎన్ని కిలోమీటర్ల దగ్గర మారిందో పుస్తకంలో ఎక్కించండి. క్లచ్, బ్యాటరీ, టైర్లు, షాక్ అబ్జార్బర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్, టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో జత కుదిర్చి నడిపే పట్టీ): ఈ ఎనిమిదింటికి తప్పకుండా జవాబు ఉండాలి. బిల్లు లేనిది మారలేదనే అనుకోండి. గత రెండేళ్లలో మొత్తం ఎంత ఖర్చయిందో కూడా కూడి పెట్టుకోండి, పదో మెట్టులో ఆ అంకె కావాలి.

2. చల్లని ఇంజను మీద తొలి పరీక్ష

కారును సమతలంగా ఉన్న చోట రాత్రంతా ఉంచి, ఇంజను కింద అట్టముక్క పరచండి. ఉదయం అట్ట మీద పడిన చుక్కలు చూడండి. నల్లగా గానీ గోధుమరంగులో గానీ జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ లేదా గేర్ ఆయిల్, ఆకుపచ్చ లేదా గులాబి రంగులో ఉంటే కూలెంటు. ఏసీ వేసి ఆపిన తరువాత ముందు భాగంలో పడే మంచినీటి చుక్కలు లోపం కాదు.

తరువాత ఆయిల్ గేజి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. డీజిల్ కారులో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడటం మామూలే. దాన్ని చూసి గాభరా పడి ముందే ఆయిల్ మార్పించేవారు ఎందరో ఉన్నారు. అసలు భయపడవలసింది ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారినప్పుడు. అలా మారిందంటే అందులో నీరు కలుస్తోందని అర్థం, ఇక స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలిపించండి.

హెచ్చరిక: వేడిగా ఉన్న ఇంజను మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి. మరుగుతున్న కూలెంటు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి.

3. స్టార్టు చేసి పొగను, బ్యాక్ కంప్రెషన్‌ను చూడండి

స్టార్టు చేసేటప్పుడు మరొకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఇంధనం పూర్తిగా మండకపోవడం వల్ల వస్తుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, ఆ తరువాత ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు), ఇంజెక్టర్లు చూపించండి, ఇంజను దించవలసిన పని కాదు. చలి ఉదయాన కాసేపు వచ్చి పోయే తెల్ల ఆవిరిని పట్టించుకోనక్కరలేదు. ఇంజను వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ వస్తూ, కూలెంటు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ కింద వేసే సీలును, అనుమానించాలి.

ఇంజను ఐడిలింగులో ఉండగా ఆయిల్ పోసే మూతను వదులు చేసి, అలాగే దాని మీదే ఉంచండి. కొన్ని ఇంజన్లలో ఆయిల్ చిందుతుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టండి. మూత కాస్త అదిరితే పరవాలేదు, డీజిల్‌లో ఇంకొంచెం ఎక్కువ అదురుతుంది. మూతను ఎగరగొట్టేలా పొగతో గాలి కొడుతుంటే దాన్నే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. చాలా షెడ్లలో ఇది కనబడగానే "బోరు పని చేయించాలి" అంటారు, అంటే ఇంజను విప్పి అరిగిన సిలిండర్లను సరిచేసి పిస్టన్ రింగులు మార్చడం. ఒప్పుకోకముందు ఇంజను గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వు మూసుకుపోయాయేమో చూడమనండి. ఆ గొట్టం శుభ్రం చేస్తే సరిపోయే కార్లకు కూడా ఇంజను విప్పిన సందర్భాలు ఉన్నాయి.

4. కంప్రెషన్ టెస్టు చేయించండి

పెద్ద ఖర్చు మాట వచ్చినప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. ప్రతి సిలిండరు అంకెనూ విడివిడిగా రాయించుకోండి. అసలు అంకె ఎంత ఉండాలో కారును బట్టి మారుతుంది గానీ, సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం మించితే లోపం ఉన్నట్టే. పెట్రోలు ఇంజనులో తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులలోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో లోపం ఉంది. హెడ్ పనికీ బోరు పనికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది కాబట్టి ఈ చిన్న పరీక్ష ఎంతో డబ్బు మిగులుస్తుంది. డీజిల్ ఇంజనులో మాత్రం ఇలా ఆయిల్ పోయకూడదు, ఇంజను దెబ్బతినే ప్రమాదం ఉంది.

అన్ని సిలిండర్లూ సమానంగా, మంచి అంకె చూపిస్తే మీ ఇంజను ఇంకా చాలా దూరం వస్తుంది. మీటరు మీద అంకెను చూసి దాన్ని వదులుకోకండి.

5. కూలింగును కాపాడండి

మన ఎండల్లో పాత ఇంజన్లు ఎక్కువగా వేడి వల్లే పాడవుతాయి, అరుగుదల వల్ల కాదు. అందుకే ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కూలెంటు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోయడం మన దగ్గర బాగా కనిపించే తప్పు. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ సన్న గొట్టాలలో పేరుకుని దాన్ని చోక్ చేస్తాయి, అల్యూమినియం భాగాలను తినేస్తాయి. మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో, సాధారణంగా సగం సగం పాళ్లలో, కలిపి పోయండి. కలిపి అమ్మే కూలెంటు అయితే నీరు కలపకండి. దారిలో వేరే గతి లేకపోతే తాగే నీటి సీసా పోసుకుని ఇల్లు చేరవచ్చు, కానీ ఆ వారంలోనే మొత్తం కడిగించి కొత్తది నింపించండి. రంగులు వేరైన రెండు రకాలను ఒకదానిలో ఒకటి కలపకండి.

రెండో తప్పు, కారు వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ వాల్వు తీసేసి పంపించడం. "ఇది మన ఊరి ఎండకు అక్కర్లేదు సార్" అని మెకానిక్ చెప్పినా ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజను ఉండవలసిన వేడికి చేరదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా చోక్ అయిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, తిరగని ఫ్యాను, బిగువు పోయిన రేడియేటర్ మూత వంటి అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఇప్పటి చిన్న కార్లు చాలావాటిలో వేడి చూపే ముల్లు ఉండదు, ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. అది వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. ఓబీడీ స్కానరు పెట్టి, ఏసీ వేసి, ట్రాఫిక్కులో అరగంట నడిపి చూడండి. ఇంజను వేడెక్కాక సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. సిగ్నళ్ల దగ్గర పెరుగుతూ పోయి, బండి కదలగానే తగ్గితే ఫ్యాను వైపు చూడండి. రహదారి మీద వేగంగా వెళ్లేటప్పుడు పెరిగితే రేడియేటర్ లేదా వాటర్ పంపు వైపు చూడండి.

ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, సురక్షితమైన చోట కారు నిలిపి, ఇంజను ఆపేయండి. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని నడిపితే హెడ్ వంగిపోతుంది. కొద్ది వందల రూపాయల పైపుతో పోయేది హెడ్ పని దాకా వస్తుంది. కాలుతున్న ఇంజను మీద చల్లని నీళ్లు కుమ్మరించడం కూడా అంతే ప్రమాదం.

6. ఆయిల్ విషయంలో బేరం వద్దు

మాన్యువల్‌లో పదివేల కిలోమీటర్లని రాసి ఉన్నా, లక్షన్నర దాటి, ఎక్కువగా ఊళ్లో తిరిగే కారుకు ఆరేడు వేలకే ఆయిల్, ఫిల్టర్ మార్చడం మంచిది. తిరగకపోయినా ఏడాదికి ఒకసారి తప్పదు.

ఎంత ఆయిల్ తాగుతోందో కొలవడం తేలిక. గరిష్ఠ గుర్తు దాకా నింపి, వెయ్యి కిలోమీటర్లు నడిపి, మళ్లీ అదే గుర్తుకు చేర్చడానికి ఎంత పోశారో రాయండి. పావు లీటరు లోపైతే నిశ్చింతగా ఉండండి. అర లీటరైతే డిక్కీలో ఒక డబ్బా ఉంచుకుని ప్రతి ఆదివారం గేజి చూడండి. లీటరు దాటితే నాలుగో మెట్టుకు వెళ్లి కంప్రెషన్ కొలిపించాలి.

ఆయిల్ తాగుతున్న ఇంజనులో బాగా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే సరిపోతుందన్న సలహా వింటుంటాం. మాన్యువల్ ఆ గ్రేడును అనుమతిస్తేనే పోయండి. లేకపోతే చల్లని స్టార్టులో ఆయిల్ పైభాగాలకు చేరడం ఆలస్యమవుతుంది. అలాగే ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజనులో ఫ్లష్ ద్రవం పోయించకండి, పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడవచ్చు. అటువంటి ఇంజనుకు రెండు మూడు సార్లు తక్కువ కిలోమీటర్లకే ఆయిల్ మార్చి నెమ్మదిగా శుభ్రపరచడమే మేలు.

7. టైమింగ్ బెల్టు ఉందా, చైను ఉందా తెలుసుకోండి

పాత ఇన్నోవా 2.5 డీజిల్‌లోనూ పాత సాంత్రోలోనూ బెల్టు ఉంటుంది. స్విఫ్ట్ 1.3 డీజిల్‌లో చైను ఉంటుంది. మీ కారులో ఏదో మాన్యువల్ చూసి తేల్చుకోండి. బెల్టు గడువు దాటితే బాగానే కనిపిస్తోందని ఆగకండి, అది ముందస్తు శబ్దం లేకుండానే తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చేటప్పుడు టెన్షనర్, బేరింగులు కూడా మార్పించండి. చైనుకు గడువు ఉండదు గానీ, ఆయిల్ సరిగా మార్చని కారులో అదీ సాగుతుంది. ఉదయం స్టార్టు చేయగానే కొన్ని క్షణాలు గొలుసు లాగినట్టు గరగరమంటే అప్పుడే చూపించండి.

8. పెట్రోలు పైపులు, బ్రేకులు, టైర్లు

2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటి రబ్బరు పైపులు, సీళ్లు ఆ మిశ్రమం కోసం చేసినవి కావు. కాబట్టి పాత పెట్రోలు కారులో ఇంధన పైపులు పగుళ్లు తీశాయేమో ప్రతి సర్వీసుకూ చూపించండి. కారులో పెట్రోలు వాసన వస్తే నడపకండి. ఇది వాయిదా వేయగలిగిన పని కాదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్క గోడ మీద చివరన ఉండే నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టప్రకారం కూడా మార్చవలసిందే. లోతున్నా పక్కన సన్నని పగుళ్లుంటే రహదారి ప్రయాణానికి నమ్మకండి. బ్యాటరీ రాత్రంతా ఆగాక సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. రెండో అంకె తక్కువగా ఉంటే తప్పు ఆల్టర్నేటరులో ఉండవచ్చు, ఊరికే కొత్త బ్యాటరీ కొనకండి.

9. కింది భాగం చూడండి

కారును ర్యాంపు ఎక్కించి తుప్పు చూడండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పరీక్ష ఇంజను పరీక్ష కంటే ముఖ్యం. తలుపుల అంచున, డిక్కీ మూత మీద ఉన్న తుప్పు టింకరింగుతో పోతుంది. సస్పెన్షన్ బిగించే చోట, ఛాసిస్ మెంబర్ల మీద స్క్రూడ్రైవరు పిడితో తట్టినప్పుడు పొరలు రాలినా, మెత్తగా లోపలికి దిగినా ఆ కారుకు ఇక పెద్ద ఖర్చు పెట్టవద్దు. తుప్పు మీదే నల్లని అండర్‌బాడీ కోటింగ్ కొట్టించుకోకండి, అది తుప్పును దాస్తుందే తప్ప ఆపదు.

డ్యాష్‌బోర్డు దాకా వరద నీటిలో మునిగిన కారు కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో కార్లు అలా మునిగాయి. ఇంజను తిరిగి నడిచినా వైరింగ్ కనెక్టర్లలో పట్టిన తుప్పు నెలల తరువాత ఒక్కొక్కటిగా బయటపడుతుంది.

10. ఇప్పుడు లెక్క వేయండి

దొరికిన లోపాలను ముందు మూడు వరుసలుగా రాయండి. మొదటిది ప్రాణానికి సంబంధించినవి: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, ఇంధనం కారడం. కారు ఉంచుకున్నంత కాలం ఇవి చేయించి తీరాలి. రెండోది, వదిలేస్తే పెరిగిపోయేవి: కూలెంటు కారడం, టైమింగ్ బెల్టు, ఆయిల్ లీకు. మూడోది, ఇబ్బందే తప్ప ప్రమాదం లేనివి: పవర్ విండో, సీటు కవర్లు, రంగు. చాలామంది మూడో వరుసకు ముందు డబ్బు పెట్టి మొదటి రెండింటినీ వాయిదా వేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు లెక్క కోసం అనుకున్నవి. 2012 నాటి స్విఫ్ట్ డీజిల్, 1,80,000 తిరిగింది, ఈ రోజు అమ్మితే 2,00,000 వస్తుంది. క్లచ్, సస్పెన్షన్, టైర్లకు కలిపి 60,000 కావాలి. ఇవి చేయిస్తే రెండేళ్లు నడుస్తుందని పరీక్షలు చెబుతున్నాయి. మొదటి మెట్టులో కూడిన అంకెను బట్టి ఆ రెండేళ్లకు మామూలు సర్వీసు 60,000. అప్పటికి కారు ధర 1,20,000కు పడుతుంది, అంటే 80,000 తరుగు. మొత్తం 2,00,000, నెలకు సుమారు 8,300.

దాని బదులు 9,00,000 పెట్టి కొత్త కారు కొంటే? ఏడు లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు తీసుకుంటే, మొదటి రెండేళ్ల వడ్డీయే లక్ష దాటుతుంది. కారు ధర రెండేళ్లలో రెండున్నర లక్షలు తగ్గిందనుకుంటే నెలకు దాదాపు 14,800, ఇన్సూరెన్సు, సర్వీసు కాక. ఈ లెక్కలో పాత కారే గెలుస్తుంది, అది 2,00,000 ధర పలికినా 1,00,000 పలికినా.

అదే కారుకు ఇంజను పని కూడా పడి ఇంకో 90,000 కావాలంటే నెలకు 12,000 దాటుతుంది. అంకెల్లో ఇప్పటికీ తక్కువే, కానీ మరొక్క పెద్ద రిపేరు వస్తే ఆ తేడా కరిగిపోతుంది. అందుకే నేను చెప్పే కొలత ఇది: ఒక్క విడత రిపేరు ఖర్చు, దానివల్ల కచ్చితంగా దక్కే కాలానికి వేరే కారు పెట్టుకోవడానికయ్యే ఖర్చులో సగం మించకూడదు. పై ఉదాహరణలో రెండేళ్ల కొత్త కారు ఖర్చు మూడున్నర లక్షలు, కాబట్టి గీత 1,75,000 దగ్గర పడుతుంది. ఏడాదే నడుస్తుందని తేలితే గీత సగానికి దిగుతుంది. మీ గీతను పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

కొత్తది కాక సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునేవారు ఒకటి గమనించాలి. మీ కారు లోపాలు మీకు తెలుసు. ఎదుటివారి కారు లోపాలు కొన్న తరువాతే తెలుస్తాయి, వాటికీ కొంత సొమ్ము లెక్కలో వేసుకోండి.

11. రిపేరు చేయించేటప్పుడు

అంచనా కాగితం మీద రాయించుకోండి, సామాను ధర, కూలి వేర్వేరుగా ఉండాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఒకే భాగం కంపెనీ సామాను, అదే భాగాన్ని కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పేరుతో అమ్మేది, లోకల్ సామాను అని మూడు ధరలలో దొరుకుతుంది. రెండో రకం తీసుకుంటే నాణ్యత తగ్గకుండా డబ్బు మిగులుతుంది. బ్రేకులకు, టైమింగ్ బెల్టుకు, వాటర్ పంపుకు లోకల్ సామాను వేయించకండి. తీసిన పాత భాగాలు డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి.

బోరు పనికి బదులు సెకండ్ హ్యాండ్ ఇంజను వేస్తామంటే, దాని కాగితాలు చూసి, కంప్రెషన్ కొలిపించి, ఆర్టీఓ అనుమతితో ఇంజను నంబరు ఆర్సీలో మార్పించుకోండి. అలా చేయకపోతే ఇన్సూరెన్సు క్లెయిము నాడు, అమ్మే నాడు చిక్కుపడతారు.

పని సరిగా జరిగిందో లేదో ఇలా చూడండి. రెండు వారాలు ప్రతి ఉదయం కూలెంటు మట్టం చూడండి, తగ్గకూడదు. ట్యాంకు నిండా పోయించి, నడిపి, మళ్లీ నిండా పోయించి మైలేజీ లెక్కకట్టండి, పాత అంకెతో పోల్చండి. ఇంజను విప్పిన పనైతే మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్పించి, ఆయిల్ తాగడం మళ్లీ కొలవండి. ఇంజను లైటు చెరిపేసి అప్పగించారేమో స్కానరుతో వారం తరువాత మరోసారి చూడండి.

12. కాగితాల గడువు

సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. తరువాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. పదేళ్లు దాటిన డీజిల్ కార్లను తిరగనివ్వరన్నది ఢిల్లీ ప్రాంతానికి సంబంధించిన ఉత్తర్వు, మన రెండు రాష్ట్రాలలో ఆ భయంతో కారు అమ్ముకోనక్కరలేదు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి పునరుద్ధరణ ఫీజు 5,000, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ టాక్స్ అదనం. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున పడుతుంది. పదిహేనేళ్లు దగ్గరపడిన కారుకు పదో మెట్టు లెక్కలో ఈ ఖర్చులు కూడా కలపండి.

కారును తుక్కుకు ఇవ్వాలని తేలితే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలోనే ఇచ్చి కారు అప్పగించినట్టు రుజువైన సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. కొత్త సొంత కారు పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. అమ్మితే పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి వదిలేయకుండా, ఆర్సీ కొన్నవారి పేరుకు మారిందని ఆన్‌లైన్‌లో చూసుకునేదాకా వెంటపడండి. రికార్డులో పేరున్నవారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.